బండ దిగని పెద్ద

ఒక పెద్ద అడవిలో సింహాలు అయిపోయాయి.

ఉన్న ఒక్క ముసలి సింహమూ మంచాన పడకుండా చల్లగా వెళ్ళిపోయింది. దాని కొడుకును అంతకుముందే ఎవరో బోనెక్కించి పట్నం జంతుప్రదర్శనశాలకు తీసుకుపోయారు. అక్కడ వేళకు మాంసం పెడుతున్నారనీ, అబ్బాయిగారికి తిరిగొచ్చే ఉద్దేశం లేదనీ కాకులు కబురు మోసుకొచ్చాయి.

రాజు లేకపోతే ఎలాగా అని జంతువులు కొన్నాళ్ళు బెంగపడ్డాయి. రాజు లేకపోయినా పొద్దు పొడుస్తూనే ఉందని తర్వాత గమనించాయి. అన్నీ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఇకనుంచి అడవికి రాజు ఉండడు, పెద్ద ఉంటాడు. పెద్దను అందరూ కలిసి ఎన్నుకుంటారు. మడుగు ఒడ్డున ఉన్న నల్లబండ మీద పెద్ద కూర్చుంటాడు. పున్నమి పున్నమికీ సభ. ఆ రోజు మాత్రం పెద్ద బండ దిగి, అందరితో పాటు నేల మీద నిలబడి, ఎవరేమడిగినా జవాబు చెప్పాలి. అడిగింది చీమైనా సరే.

ఇంకో వెసులుబాటు కూడా పెట్టుకున్నాయి. వేసవిలో కార్చిచ్చు రేగితే సభ పెట్టి చర్చించుకునేలోపు అడవి బూడిదైపోతుంది కదా. అలాంటప్పుడు పెద్ద ఎవరినీ అడక్కుండా ఉత్తర్వు వేయొచ్చు. దాని పేరు చిచ్చు ఉత్తర్వు. బండ మీద ఉన్న పెద్ద తనంతట తాను తీసేస్తే తప్ప, తొలి వాన పడేదాకా దానికి తిరుగులేదు. పాపం, పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టారు.

మొదటి ఎన్నికలో ఎలుగుబంటి భూపతి గెలిచాడు. మనిషి భారీ, మాట మెత్తన. ఎవరింట్లో పురుడొచ్చినా ముందు తనే వెళ్ళి పలకరించేవాడు. పున్నమి సభల్లో చెమటలు కక్కుతూనైనా అన్నిటికీ జవాబు చెప్పేవాడు. "తెలీదండి, కనుక్కుని చెబుతాను" అనడానికి కూడా సిగ్గుపడేవాడు కాదు.

అలాంటివాడికి మద్దిచెట్టు తేనెపట్లు అప్పగించారు.

మద్దిచెట్టు తేనె ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. తల్లిపాలు చాలని పిల్లలకూ, గాయాలైనవాళ్ళకూ అని దాచిపెట్టుకున్నది. దానికి కాపలా పెద్ద పని. భూపతి మొదట్లో చెట్టు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చేసేవాడు. ఒకరోజు ఒక ఆలోచన వచ్చింది. కాపలా కాసేవాడు సరుకు బాగుందో లేదో చూడాలా వద్దా? వేలు ముంచి నాకి చూశాడు. బాగుంది. నిన్న బాగున్నది ఇవాళ కూడా బాగుండాలని ఎక్కడుంది? మర్నాడు మళ్ళీ చూశాడు. చిన్న పట్టులో బాగుంటే సరిపోతుందా, పెద్దపట్టు సంగతేమిటి? అలా బాధ్యతగా చూస్తూ చూస్తూ, ఎండాకాలం ముదిరేసరికి మద్దిచెట్టు మీద ఉత్త మైనం మిగిల్చాడు.

భూపతి తనను తాను దొంగ అని ఎప్పుడూ అనుకోలేదు. పని ఎక్కువైందని మాత్రం అనుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఇప్పపూలు ఏరుకునే మనుషులు వచ్చి, చెట్ల కింద ఆకుచెత్త తగలబెట్టి వెళ్ళారు. ఆరిందనుకున్న నిప్పుల మీద ఒక దుప్పిపిల్ల కాలేసింది. తల్లి దాన్ని ముక్కుతో నెట్టుకుంటూ, నెట్టుకుంటూ మద్దిచెట్టు దగ్గరకు తీసుకొచ్చింది. కాలిన చోట రాయడానికి ఒక్క చుక్క కావాలంది. పట్లు చూపించారు. చుక్క లేదు.

అక్కడే ఉన్న ముళ్ళపంది మంగతాయారు పట్ల వైపు చూసింది, మాను మీద గోళ్ళ గీతల వైపు చూసింది. ఆవిడ సభలో పొదలపేట తరఫున మాట్లాడే మనిషి. గట్టిగా మాట్లాడి ఎరగదు, అడగాల్సింది అడక్కుండా ఇంటికి వెళ్ళీ ఎరగదు.

"పున్నమికి అడుగుతానులే అమ్మా" అంది తల్లితో.

ఆ ముక్క సాయంత్రానికల్లా భూపతి చెవిన పడింది. కుంటుతూ పోయిన దుప్పిపిల్లను అతను బండ మీద నుంచి చూసి జాలిపడ్డాడు. ఆ జాలి నిజమైనదే. కాకపోతే దాని వెనకే భయం తోసుకొచ్చింది.

"గవర్రాజూ, ఇప్పుడెలాగయ్యా?" అన్నాడు.

గవర్రాజు గుంటనక్క. పెద్దకు కార్యదర్శి. ఎన్నికలో భూపతికి వ్యతిరేకంగా తిరిగి, ఫలితం తెలిశాక అందరికంటే ముందు పూలదండ తెచ్చినవాడు.

"అయ్యా, తమరు తిన్నారా?"

"తినలేదయ్యా, పరీక్షించాను."

"అర్థమైందండి. తమరు నేల మీద నిలబడితేనే కదా జవాబు చెప్పాల్సింది?"

"అవును, పున్నమికి దిగాలి కదా."

"దిగకుండా ఉండేలా ఉత్తర్వు వేస్తే?"

"అలా ఎలా వేస్తాం? అది కార్చిచ్చుకి కదా."

గవర్రాజు ఇప్పచెట్ల వైపు తోక చూపించాడు. "ఆ మూల పొగ లేచిందా లేదా?"

"ఆరిపోయింది కదయ్యా."

"ఆరిపోయిందని తమరు కళ్ళారా చూశారా? ఒకవేళ ఆరకపోతే? బాధ్యత కలిగిన పెద్ద అయ్యుండి, అడవిని అలా గాలికి వదిలేస్తారా?"

బాధ్యత అన్న మాట వినగానే భూపతికి ధైర్యం వచ్చింది. ఆ మాటతో అతను చాలా తేనె తాగి ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే వడ్రంగిపిట్ట ఎండుమాను మీద టముకు వేసింది. గవర్రాజు చెప్పిపెట్టిన మాటలు పొల్లుపోకుండా వల్లించింది: "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! అడవికి చిచ్చు ముప్పు ఉన్నందున, నల్లబండ మీద ఉన్నవాడు ఏం చేసినా తప్పు కాదు. బండ మీద ఉన్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరాదు. ఇక తేనె మాయం కావడానికి కారణం తేనెటీగలే గనక వాటిని అడవి నుంచి బహిష్కరించడమైనది!"

తేనెటీగలు ఆ మాట విని కాసేపు ఝుమ్మని, మూట కట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు గనక ఉత్త రెక్కలతో అవతలి కొండకు వెళ్ళిపోయాయి.

పున్నమి వచ్చింది. ఎండ చల్లబడ్డాక జంతువులన్నీ మడుగు ఒడ్డున చేరాయి. భూపతి బండ మీదే కూర్చుని చేతులు జోడించాడు. దిగలేదు.

మంగతాయారు లేచింది. "అయ్యా భూపతిగారూ, మద్దిచెట్టు తేనె ఏమైందండీ?"

"బండ మీద ఉన్నారు, అడక్కూడదు" అన్నాడు గవర్రాజు.

"మరి దిగాక అడగొచ్చా?"

గవర్రాజు నవ్వాడు. "దిగాక మీ ఇష్టం."

"సరే అయితే. దిగేదాకా ఇక్కడే ఉంటాను."

బండ పక్కన నేరేడుచెట్టు నీడలో ఆవిడ సర్దుకుని కూర్చుంది. పిల్లలు వేర్లూ దుంపలూ తెచ్చి పెట్టారు. అంతటితో సభ ముగిసింది.

మొదట్లో భూపతికి హాయిగానే అనిపించింది. అడిగేవాడు లేడు. బండ మీద వెల్లకిలా పడుకుని, బొజ్జ మీద చేతులు పెట్టుకుని పాట పాడుకున్నాడు. దాహమేస్తే గవర్రాజు దొప్పలో నీళ్ళు తెచ్చేవాడు. ఆకలేస్తే ఇప్పపూలు తెచ్చేవాడు.

తర్వాత దొప్ప చిన్నదైంది. తర్వాత రోజుకొకసారైంది.

ఎండలు మండిపోతున్నాయి. నల్లబండ, దాని మీద నల్ల ఎలుగుబంటి. పొద్దెక్కేసరికి భూపతి ఒక కాలెత్తి ఇంకో కాలు దించేవాడు. దూరం నుంచి చూసిన కోతిపిల్లలు పెద్దగారు నాట్యం చేస్తున్నారనుకుని తాళం వేసేవి. పక్కనే మడుగులో నీళ్ళు తళతళలాడుతున్నాయి. దిగితే నేల. నేల మీద మంగతాయారు.

"మీకు ఇంట్లో పనుల్లేవా అమ్మా?" అన్నాడు ఒక మధ్యాహ్నం, ఉండబట్టలేక.

"ఎందుకు లేవండీ? ఇది కూడా ఇంటిపనే."

ఇంకాసేపటికి తనే మళ్ళీ కదిపాడు. "దుప్పిపిల్ల ఎలా ఉంది?"

"కాలు చీము పట్టింది. తల్లి నాకుతోంది. నాకితే తగ్గేది కాదు కదండీ."

భూపతి బండ అంచుదాకా జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేనొక మాట చెబుతాను, ఎవరితోనూ అననంటే..." అన్నాడు.

"వద్దండీ. బండ మీద చేసిన తప్పే తప్పు కానప్పుడు, బండ మీద చెప్పిన నిజం మాత్రం నిజమెలా అవుతుంది? కిందికొచ్చి చెప్పండి."

అంతలో ఎండుమాను మీద టముకు మోగింది. "పెద్దగారి ఉత్తర్వు! చిచ్చు పరిశీలన నిమిత్తం కుందేళ్ళు తమ బొరియలు తక్షణం ఖాళీ చేయాలి!"

భూపతి ఉలిక్కిపడ్డాడు. గవర్రాజు రాగానే, "ఇది నేనెప్పుడు వేశానయ్యా?" అని అడిగాడు.

"నిద్రలో వేశారండి."

"ఆ బొరియల్లో ఎవరుంటారిప్పుడు?"

"మా బావమరిది ఉండి పరిశీలిస్తున్నాడండి."

"తీసెయ్యవయ్యా ఆ ఉత్తర్వు!"

"తీసేస్తే ఎందుకు వేశారని అడుగుతారు. అడిగితే అక్కడితో ఆగుతారా? తేనె దాకా వస్తారు. తమరిష్టం మరి."

నక్క తనను కాపాడడం లేదనీ, బండ మీద కట్టేసి తన పేరుతో అడవిని మేస్తోందనీ భూపతికి అప్పుడు తెలిసింది. తెలిసినా ఏం చేస్తాడు? ఎవరికి చెప్పుకుంటాడు? తనను ఎవరూ ఏమీ అడగకూడదని తనే కదా చెప్పించింది. ఏమీ అడగని వాళ్ళకు ఏమీ చెప్పుకోవడానికీ ఉండదు. ఒకప్పటి పున్నమి సభలు గుర్తొచ్చాయి. చెమటలు పట్టేవి నిజమే. కానీ చెప్పాక ఇంటికెళ్ళి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయేవాడు.

ఆ మర్నాడు ఎండ ఇంకా విరగకాసింది. బండ పెనంలా కాలింది. మిట్టమధ్యాహ్నం వేళ భూపతి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. మొదటి బొబ్బ చిట్లినప్పుడు అతను పెద్దగా అరిచాడు. ఆ అరుపు తన గొంతులా అనిపించలేదు. దుప్పిపిల్ల నిప్పుల మీద కాలేసినప్పటి అరుపు ఆ రోజు బండ దాకా అచ్చం ఇలాగే వినిపించిందని, దాని తల్లి పరుగెత్తిందని గుర్తొచ్చింది. దానికి ఇంత నొప్పి. అది ఇంత చిన్నది.

ఇక ఆలోచించలేదు. దబ్బున మడుగులోకి దూకాడు.

నీళ్ళు ఎగసి ఒడ్డు తడిసింది. మంగతాయారు లేచి నిలబడింది. కానీ ఆవిడ నోరు తెరిచేలోపు గవర్రాజు ఒక్క గంతులో నల్లబండ ఎక్కేశాడు.

"ఇకనుంచి నేనే పెద్దను!"

"అదెలాగయ్యా!" మడుగులోంచి అరిచాడు భూపతి. "నన్ను కదా అందరూ ఎన్నుకున్నది!"

"ఉత్తర్వు మళ్ళీ వినిపించవోయ్" అన్నాడు గవర్రాజు వడ్రంగిపిట్టతో.

వడ్రంగిపిట్ట వల్లించింది. "నల్లబండ మీద ఉన్నవాడు ఏం చేసినా తప్పు కాదు. బండ మీద ఉన్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరాదు."

"విన్నారా? భూపతి అని ఉందా? పెద్ద అనైనా ఉందా? ఉన్నవాడు అని ఉంది. నేనున్నాను." గవర్రాజు కాలు మీద కాలేసుకుని, కాలుతోందని వెంటనే తీసేశాడు. "మొదటి ఉత్తర్వు. తేనె తిన్నది భూపతి. బహిష్కరణ! రెండోది, ఇక పున్నమి సభలు దండగ, రద్దు!"

అరుపులకు జంతువులన్నీ ఎక్కడివక్కడ వదిలేసి మడుగు దగ్గరకు వచ్చాయి. కోపంతో కొన్ని, భయంతో కొన్ని ఊగిపోతున్నాయి. ఎవరికీ ఏం చేయాలో పాలుపోలేదు. అడగడానికి లేదు కదా.

కొమ్మ మీద కోతి అప్పల్రాజు మాత్రం తల గోక్కున్నాడు. చదువు అంతంతమాత్రం, అల్లరికి తక్కువ లేదు.

"నక్క బాబాయ్, బండ మీద ఉంటే ఏం చేసినా తప్పు కాదా?"

"కాదు."

"ఎవరున్నా?"

"ఎవరున్నా... అంటే..."

అప్పల్రాజు కొమ్మ మీద నుంచి నేరుగా బండ మీదికి దిగి, నక్క తోక పట్టుకుని గట్టిగా లాగాడు.

"ఒరేయ్! ఏం చేస్తున్నావురా!"

"అడక్కూడదు బాబాయ్. బండ మీద ఉన్నాను."

దాంతో అడవి మొత్తానికి విషయం బోధపడింది.

కుందేళ్ళు ముందు ఎక్కాయి. వాటికి బొరియల బాకీ ఉంది. నక్క చెవులు పట్టుకుని వేలాడాయి. అడవిపందులు బురదతో సహా ఎక్కి, కాలుతున్న బండను తడిపి చల్లబరిచాయి. నెమలి ఎక్కి నక్క ముఖం మీద పురి విప్పింది. ఏనుగు గజలక్ష్మమ్మ బండను ఎగాదిగా చూసి, "నేను మొత్తం ఎక్కితే మీరెవరూ మిగలరు. ఒక కాలు పెట్టినా ఉన్నట్టే కదా?" అని ఒక్క కాలు పెట్టి, తొండంతో బురదనీళ్ళు పీల్చి గవర్రాజు మీద చిమ్మింది. ఏం చేసినా తప్పు కాదు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగడానికి లేదు. ఆ బండ మీద అంత మంది అంత సంతోషంగా ఇరుక్కుని ఉండడం అడవి చరిత్రలో అదే మొదలు.

అందరికంటే చివర మంగతాయారు నెమ్మదిగా ఎక్కింది. "కాస్త జరగండి బాబూ, పెద్దదాన్ని" అంటూ దారి చేసుకుని, గవర్రాజు పక్కనే చోటు చూసుకుని కూర్చుంది. కూర్చునేముందు అలవాటు ప్రకారం ఒళ్ళు విదిలించుకుంది.

గవర్రాజు కేక అవతలి కొండ మీద తేనెటీగలకు కూడా వినిపించింది.

ఒక పక్క ముళ్ళు, ఒక పక్క పందులు, తోక దగ్గర కోతి. పోనీ దూకేద్దామా అంటే కింద నేల. నేల మీద పడితే బొరియల సంగతి అడుగుతారు. కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి ఏడుపు గొంతుతో, "రద్దు! చిచ్చు ఉత్తర్వు రద్దు! వేసినవన్నీ రద్దు!" అని అరిచాడు.

"బండ మీద ఉన్నాడు, పైగా నేనే పెద్దనన్నాడు. కాబట్టి చెల్లుతుంది" అంది గజలక్ష్మమ్మ. వడ్రంగిపిట్ట రివ్వున ఎగిరి వెళ్ళి టముకు వేసింది.

ఒకరొకరుగా అందరూ దిగారు. బండ ఖాళీ అయింది. ఇంతసేపూ భూపతి మడుగులో పీకల్లోతు నీళ్ళలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఆ గొడవలో అతను చల్లగా అవతలి గట్టెక్కి పోవచ్చు. ఎవరూ గమనించేవారు కారు. పోలేదు.

మంగతాయారు ఒడ్డుకొచ్చింది. "అయ్యా భూపతిగారూ, ఇప్పుడు అడగొచ్చాండీ?"

భూపతి నీళ్ళోడుతూ గట్టెక్కి, బొబ్బల కాళ్ళతో నేల మీద నిలబడ్డాడు.

"అడగండి."

"మద్దిచెట్టు తేనె ఏమైంది?"

"నేనే తిన్నాను."

"ఎందుకు?"

భూపతి వెనకటి కారణాలన్నీ ఒకసారి వెతుక్కున్నాడు. కాపలా, పరీక్ష, బాధ్యత. ఒక్కటీ నోటికి రాలేదు.

"తియ్యగా ఉందండి" అన్నాడు.

ముందు కోతిపిల్లలు నవ్వాయి. తర్వాత అందరూ నవ్వారు. దుప్పితల్లి మాత్రం నవ్వలేదు. భూపతి ఆవిడ దగ్గరకు వెళ్ళి తల వంచుకు నిలబడ్డాడు. "నీ బిడ్డ కాలికి రాయాల్సింది నేను తిన్నానమ్మా" అన్నాడు. ఆవిడ అతని వైపు చూడకుండానే, "ముందు తేనె తెండి. తర్వాత మాట్లాడదాం" అంది.

సభ అక్కడికక్కడే తీర్మానించింది. భూపతి పెద్దగా ఉండడానికి లేదు. తేనెటీగల్ని తనే వెళ్ళి బతిమాలి తీసుకురావాలి.

వెళ్ళాడు. అవతలి కొండ మీద ఏం మాట్లాడుకున్నారో గాని, తిరిగొచ్చేసరికి ముక్కు గుమ్మడికాయంత ఉంది. వెనక తేనెటీగలు ఉన్నాయి. తలపాగాలా తల మీద మోసుకొచ్చిన ఆకుదొన్నెలో అవతలి కొండ తేనె ఉంది. దారంతా అది తన ముక్కుకే వాసన వేస్తుంటే ఒక్క చుక్క కూడా ముట్టలేదని తేనెటీగలే సాక్ష్యం చెప్పాయి. కొన్నాళ్ళకు దుప్పిపిల్ల పరుగెత్తడం మొదలుపెట్టింది. తల్లి భూపతితో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతుంది, కానీ మాట్లాడుతుంది.

పెద్దగా ఉండమని మంగతాయారును అందరూ అడిగారు. "నాకు కింద కూర్చుని అడగడమే బాగుంటుంది" అని ఆవిడ ఒప్పుకోలేదు. గజలక్ష్మమ్మను ఎన్నుకున్నారు. అనుభవం ఉన్న కార్యదర్శి కావాలని చూసి చూసి, ఆవిడ మళ్ళీ గవర్రాజునే పెట్టుకుంది. ఈసారి కూడా అందరికంటే ముందు పూలదండ తెచ్చింది అతనే కదా.

ఆ తర్వాత వచ్చిన పున్నమికి సభ కూడింది. గజలక్ష్మమ్మ నేల మీద నిలబడి, "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అంది. వెనక వరసలోంచి ఒక మెత్తని గొంతు వినిపించింది.

"అమ్మా, ఆ గవర్రాజును మళ్ళీ ఎందుకు పెట్టుకున్నారండీ?"

భూపతి. జీవితంలో మొదటిసారి సభలో అడగడం. అడిగేటప్పుడు చెమట పట్టదని అతనికి ఆ రోజే తెలిసింది. మంగతాయారు పక్కకు జరిగి, తన దగ్గర అతనికి కాస్త చోటిచ్చింది, ముళ్ళు జాగ్రత్తగా సర్దుకుని.

గజలక్ష్మమ్మ చెవులు రెండు ఊపులు ఊపింది. నల్లబండ వైపు ఒకసారి చూసింది. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని, జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

నీతి: అధికారంలో ఉన్నవాళ్ళను ఎప్పుడూ ప్రశ్నించకండి, పొరపాటున వాళ్ళు బాగుపడిపోయే ప్రమాదం ఉంది.